బాపమ్మ చేతి కొలత

ఆర్మూరులో నేను పనిచేసే గ్రంథాలయానికి పోయిన నెల ఇద్దరు అమ్మాయిలు, ఒక అబ్బాయి వచ్చారు. పేపర్లు చదివే ముసలివాళ్లు తప్ప మధ్యాహ్నం పూట ఎవరూ రాని చోటు అది. వీళ్ల మెడల్లో కెమెరాలు, కాళ్లకు దుమ్ముపట్టిన మంచి బూట్లు. ఏదో పెద్ద నగరంలోని డిజైన్ కాలేజీలో చదువుతున్నామని, సంప్రదాయ చేతిపనుల వాళ్లకు ఎట్లా ఆసరా ఇవ్వవచ్చో చూడటానికి ఊళ్లు తిరుగుతున్నామని చెప్పారు. వాళ్లలో తెలుగు వచ్చిన అమ్మాయి తన టాబ్లెట్ తెరిచి నా బల్ల మీద పెట్టింది. "మేడమ్, మా సీనియర్ ఒకరు ఈ ఊళ్లోనే ప్రాజెక్టు చేశారు. ఈవిడ ఇల్లు ఎక్కడో చెప్తారా?"

తెరమీద ఒక చెయ్యి ఉంది. మోచేతి వరకే. ముఖం లేదు. ముడతలు పడ్డ చర్మం మీద రెండు పచ్చబొట్టు చుక్కలు. కింద ఇంగ్లీషులో, ఈ చేతిపనికి కొత్త బతుకు దొరికిందని రాసి ఉంది. మా నాన్న తల్లి, మా బాపమ్మ చెయ్యి అది. "ఆమె చనిపోయింది" అన్నాను. ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. "సారీ మేడమ్. మీకు తెలుసా ఆవిడ?" అని అడిగింది. తెలుసన్నట్టు తల ఊపి, రిజిస్టరు ముందుకు జరిపి, పేర్లు రాయమన్నాను. ఇంటికి వచ్చి పాత డైరీలు తీశాను. ఇంటర్ రెండో ఏడాది డైరీలో ఆ సీనియర్ మా ఇంటికి వచ్చిన నెలల పేజీలన్నీ కిక్కిరిసి ఉన్నాయి. ఏం వండుకున్నాం, ఏం చదివాను, ఎవరు ఏమన్నారు, అన్నీ ఉన్నాయి. నేను చేసిన ఒక్క పని మాత్రం లేదు.

మేదరివాడలో మా ఇల్లు రెండు గదులది, ముందు రేకుల పందిరి. పందిరి కింద ఒక దిక్కు అమ్మ బీడీలు చుట్టేది, ఇంకో దిక్కు బాపమ్మ గంపలు అల్లేది. నాన్న మస్కట్‌లో ఉండేవాడు కాబట్టి ఇంట్లో ముగ్గురం ఆడవాళ్లమే. తునికాకు వాసన ఒక పక్క నుంచి, నానబెట్టిన వెదురు వాసన ఇంకో పక్క నుంచి వచ్చి నా పుస్తకాలకు పట్టేవి. పసుపు ఉడకబెట్టే రోజుల్లో అంకాపూర్ దిక్కు నుంచి గాలి తిరిగితే ఆ రెండు వాసనలూ మాయమై ఊరంతా ఒకటే ఆవిరి. ఆరేసిన బట్టల్లో అదే, తాగే చాయలో అదే. వేరే ఊరి నుంచి వచ్చిన మా క్లాసు పిల్ల ఒకతె ముక్కు మూసుకుంటే నాకు చాలా ఆశ్చర్యం వేసింది. ఆ వాసన లేకుండా కూడా ఊళ్లు ఉంటాయని అప్పటిదాకా నేను ఆలోచించలేదు.

బాపమ్మ పేరు నర్సవ్వ. పొద్దున్నే చాయను సాసర్‌లో పోసుకుని మూడు గుక్కల్లో తాగి, నోట్లో ఇంత తంబాకు పెట్టుకుని, ఇక మధ్యాహ్నం అన్నం దాకా లేచేది కాదు. వెదురును కత్తితో చీల్చి, కాలి బొటనవేలు కింద బద్ద నొక్కిపెట్టి, సన్నగా లాగుతూ పోయేది. పని చేస్తూ మాట్లాడేది కాదు. ఆమె మాట్లాడదు, నేను మాట్లాడను. అందుకని మా ఇద్దరికీ బాగా పొసిగేది. "ఇద్దరు మూగోళ్ల నడుమ నేనొక్కదాన్ని దొరికిన" అని అమ్మ బీడీకి దారం చుడుతూ గొణిగేది.

బయటివాళ్లకు తెలియని సంగతి ఒకటి చెప్పాలి. మా దిక్కు పసుపు తవ్వాక, గడ్డల నుంచి కొమ్ములు విరిచే పని ఆడవాళ్లది. కూలి రోజుకు కాదు, గంపకు. ఒక గంప నిండా విరిస్తే ఇంత అని. కాబట్టి గంప ఎంత ఉందన్నదే అసలు సంగతి. గంప పెద్దదైతే రైతుకు లాభం, చిన్నదైతే కూలోళ్లకు లాభం. ఆ తగవు రాకుండా రైతులూ, కూలీ ముఠాల పెద్దలూ ఒకే చోట గంపలు కొనేవాళ్లు. అది మా ఇల్లు. బాపమ్మ ఈ ఇంటికి కోడలిగా వచ్చిన ఏడు, ఆమె అత్త తన చేతి పక్కన కోడలి చేతిని ఆనించి, పచ్చబొట్టు వేసేవాళ్లతో రెండు చుక్కలు పొడిపించిందట. వేలి కొస నుంచి కింది చుక్క దాకా గంప లోతు. పై చుక్క దాకా గంప అడుగు వెడల్పు. అత్త చెయ్యి పోయినా ఇంటి కొలత పోకూడదని. ఆ కొలతకు అల్లిన గంప అంచు మీద బాపమ్మ మూడు మెలికల కట్టు వేసేది. ఆ కట్టు ఉంటే పొలం దగ్గర ఇక ఎవరూ కొలిచి చూసేవాళ్లు కాదు.

చాటకు, జల్లెడకు, కోళ్లగంపకు ఆ కట్టు వేసేది కాదు. ఒకసారి అంకాపూర్ రైతు ముత్యంరెడ్డి వచ్చి, గంపలు రెండు వేళ్లు పెద్దగా అల్లమని అడగటం నాకు గుర్తుంది. చిన్నపిల్లను అప్పుడు.

"రెండు వేళ్లే కదనే నర్సవ్వ. ఎవ్వలకు ఎర్కైతది?"

"నా చేతికి ఎర్కైతది పటేలా" అంది బాపమ్మ, తల ఎత్తకుండానే.

ఆయన నవ్వి పాత కొలతవే తీసుకుపోయాడు. ఆ రోజు సాయంత్రం అమ్మ మాత్రం, "పటేల్‌కు గట్ల మొఖం మీదనే చెప్తరా అత్తమ్మా" అని భయపడింది. బాపమ్మ తంబాకు ఉమ్మి వచ్చి మళ్లీ కూర్చుంది. అంతే.

ఇషిత వచ్చింది నేను ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగా. డిజైన్ కాలేజీ నుంచి నలుగురొచ్చారు కానీ మా ఇంటికి రోజూ వచ్చింది ఆమె ఒక్కతే. పొట్టిగా కత్తిరించిన జుట్టు, పెద్ద నవ్వు. నేల మీద బాపమ్మ పక్కనే కూర్చునేది, మా ఇంటి చాయ తాగేది, వేలికి వెదురు గీసుకుపోతే ఏడవకుండా నోట్లో పెట్టుకునేది. ఆమెకు తెలుగు రాదు, బాపమ్మకు ఇంగ్లీషు రాదు. మధ్యలో నేను. క్లాసులో లేచి నిలబడి జవాబు చెప్పమంటే తల దించుకునే నాకు, ఇషిత ముందు ఎట్లాగో మాట వచ్చేది. నేను ఏం పుస్తకాలు చదువుతానని నన్ను అడిగిన మొదటి మనిషి ఆమె. వెళ్లేటప్పుడు తన పుస్తకం ఒకటి నా చేతిలో పెట్టి, నచ్చిందో లేదో రేపు చెప్పమనేది. ఆమె రేపు మళ్లీ వస్తుందనే మాటకు నేను ఏ పని చెయ్యడానికైనా సిద్ధంగా ఉన్నాను. దాచుకునేదేముంది, అదే నిజం.

వాళ్ల ఆలోచన ఏమిటంటే, గంపలకు రోజులు పోతున్నాయి కాబట్టి అదే అల్లికతో పట్నం ఇళ్లలో దీపాలకు తొడుగులు చెయ్యాలని. ఒక పెద్ద దుకాణం వాళ్లు వాటిని కొంటామన్నారట. అన్నీ ఒకే సైజులో ఉండాలి. దానికోసం గుండ్రటి చెక్క అచ్చు ఒకటి చేయించుకొచ్చారు. బాపమ్మ ఆ అచ్చును రెండు చేతులతో పట్టుకుని తిప్పి చూసింది.

"గిది పెట్టుకోని అల్లాలెనా? మరి నా చెయ్యి దేనికి?" అంది.

నేను ఇషితతో, "సరే అంటోంది" అన్నాను.

తర్వాత ఇషితకు అంచు మీది మూడు మెలికల కట్టు కనిపించింది. కళ్లు మెరిశాయి. ఇది ఆమె సంతకం, ప్రతి తొడుగు మీదా ఇది ఉండాలి, అంది. నేను చెప్పగానే బాపమ్మ పని ఆపింది.

"గది పసుపు గంపకే ఏస్తం బిడ్డా. దీపం బుట్టకు వద్దు. మాములు కట్టు ఏస్తనని చెప్పు."

ఇషిత నా ముఖంలోకి చూస్తోంది. కాదని చెప్పాలి. ఎందుకు కాదో, చుక్కల సంగతి, కూలి సంగతి, అంతా ఇంగ్లీషులో చెప్పాలి. నాకు అన్ని మాటలు రావు. వచ్చినా, ఆ ముఖంలో వెలుగు తగ్గించడం నా వల్ల కాదు. బాపమ్మ వైపు తిరిగి అన్నాను: "వాళ్లకు మన కట్టే కావాల్నట బాపమ్మా. ఇవి పట్నం పోతయి. మన దిక్కు ఎవ్వలు సూస్తరు?"

బాపమ్మ బద్దలను దగ్గరికి లాక్కుంది. "నువ్వు సదువుకున్నదానివి" అని మాత్రం అంది. బద్ద తీసుకుని కట్టు వెయ్యడం మొదలుపెట్టింది.

అచ్చు మీద అల్లిన తొడుగును తిరగేస్తే అది గంపే. మా గంప కంటే లోతు నాలుగు వేళ్లు ఎక్కువ. నలభై అల్లింది. ఇషిత వాళ్లకు కాలేజీలో చూపించాల్సిన రోజు దగ్గర పడిందని తొందర చేశారు. నీడలో పూర్తిగా ఆరకముందే అట్టపెట్టెల్లో పెట్టి పంపారు. సగం వాటికి బూజు పట్టింది. దుకాణం వాళ్లు ఆ సగం తిప్పి పంపితే, ఒకరోజు ఆటోలో మా వాకిట్లో దిగాయి. ఇషిత ఫోనులో చాలా బాధపడింది. నిజంగానే బాధపడింది. తర్వాత తన పరీక్షల్లో మునిగిపోయింది.

బాపమ్మ వాటిని చూసి, "ఒక్కొక్కదాని కట్టు కొయ్యాలె. కోసినంక కట్టెల పొయ్యిలకు పనికొస్తయి. గప్పటిదాక బయట పెట్టకు లతా" అంది. కానీ ఆ వారమే ఆమెకు కంటి ఆపరేషన్. అమ్మ ఆమెను తీసుకుని బస్సులో మాక్లూర్ మీదుగా నిజామాబాద్ దవాఖానకు పోయింది. నేను పరీక్షలకు చదువుకుంటూ ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను. లోపలి గదిలో బూజు కంపుకు తలనొప్పి వస్తోందని, ఆ తొడుగులన్నీ తెచ్చి పందిరి ముందు ఎండలో బోర్లించాను. పసుపు తవ్వకాలు నడుస్తున్న రోజులవి.

ముత్యంరెడ్డి ట్రాక్టరు వాకిట్లో ఆగింది. నేను పుస్తకం పట్టుకుని లేచి నిలబడ్డాను.

"నర్సవ్వ లేదా?"

"దవాఖానకు పోయింది."

"గంపలు తయారే ఉన్నయి కదా మరి." ఆయన ఒక తొడుగు తిరగేసి, అంచు మీది కట్టును బొటనవేలితో రుద్ది చూశాడు. తర్వాత లోపల చెయ్యి పెట్టాడు. పెట్టి, కొంచెంసేపు అట్లాగే ఉంచి, నా వైపు చూశాడు. "ముసల్ది గీసారి జర పెద్దగ అల్లినట్టుందే?"

నేను చెప్పాల్సింది ఒకే ఒక మాట. ఇవి పసుపు గంపలు కావు. "గవి... దీపాలయి" అన్నాను. గాలికి కూడా వినపడనంత మెల్లగా.

"ఏందే బిడ్డా?"

"ఏం లేదు."

ఆయన నవ్వాడు. చెల్లాల్సింది చెల్లించి, డ్రైవరును పిలిచి పది ఎక్కించుకున్నాడు. ట్రాక్టరు మలుపు తిరిగేదాకా నిలబడి, మళ్లీ పుస్తకం తెరిచాను. ఏ పేజీలో ఆగానో ఆ పేజీయే. ఆ రోజు డైరీలో ఎండ ఎక్కువగా ఉందని రాసుకున్నాను. దవాఖాన నుంచి వచ్చాక బాపమ్మ అడగలేదు, నేను చెప్పలేదు. మిగిలిన పది లోపల పెట్టేశాను. కంటికి నల్లద్దాలు, చుక్కల మందు. ఆమెకు లెక్క చూసుకునే పరిస్థితి లేదు.

ఇరవై రోజులు గడిచాయేమో. ఒక పొద్దున వాకిట్లో ఆడవాళ్ల గొంతులు. భీమ్‌గల్ దిక్కు నుంచి ప్రతి ఏడు కొమ్ములు విరవడానికి వచ్చే ముఠా వాళ్లు. వాళ్ల పెద్ద పోశవ్వ. మనిషి సన్నగా ఉన్నా గొంతు మాత్రం బజారంతా వినపడేది. ఏటా తవ్వకాలకు ముందు మా ఇంటికొచ్చి, బాపమ్మతో పరాచికాలాడి, గంపలో తన మోచెయ్యి పెట్టి చూసుకుని పోయే మనిషి. ఆమె చేతిలో ఒక గంప ఉంది. పందిరి కిందికి విసిరింది.

"ఇగో నర్సవ్వా, నీ గంప. సూసుకో. ఇరవై దినాలు సంపినవు మమ్మల్ని."

"ఏమైందే పోశవ్వ?" అంది బాపమ్మ, నల్లద్దాల్లోంచి గొంతు వచ్చిన దిక్కుకు తిరుగుతూ.

"ఏమైందా? పద్నాలుగు మందిమి. పొద్దుగాల కూసుంటే పొద్దుగూకెదాక గంప నిండది. చేతులు సచ్చువడ్డయి, ఈ ఏడు మనకేమైందిరా, ముసలోల్లమైనమా అని ఒకల మొఖం ఒకలం సూసుకున్నం. నీ కట్టు సూసి చెయ్యి సుతం పెట్టలే. నిన్న గీ పిల్ల పెట్టి సూసింది. పటేల్ ఎంత ఇచ్చిండు నీకు? జెప్పు!"

వెనకున్న ఒకామె, "ఆపరేషన్ ఆయనే చేపిచ్చిండు గావచ్చు తియ్" అంది. ఎవరో నవ్వారు.

నేను లోపలి గుమ్మం వెనక ఉన్నాను. తలుపు సందులోంచి అంతా కనిపిస్తోంది. అమ్మ బీడీలు వదిలేసి లేచింది కానీ ఆమెకేం అర్థం కాలేదు. బాపమ్మ చేతులతో నేల మీద తడుముకుంటూ గంపను దగ్గరికి లాక్కుంది. అంచు తడిమింది. మూడు మెలికలూ ఒక్కొక్కటి వేలితో లెక్కపెట్టినట్టు తాకింది. తర్వాత చెయ్యి లోపల పెట్టింది. వేలి కొసలు అడుగుకు తగిలాయి. గంప అంచు కింది చుక్కకు ఎగువన, నాలుగు వేళ్ల ఎత్తున నిలబడింది. పద్నాలుగు మందీ చూశారు.

ఆమె చెప్పవచ్చు. ఇవి దీపాల కోసం పట్నపోళ్లు చేయించుకున్నవని. తను ఇంట్లో లేనప్పుడు పోయినయని. ఆ గంపను ముట్టుకోగానే ఆమెకు అంతా తెలిసిపోయిందని ఆమె వేళ్లు ఆగిన తీరులో నాకు తెలిసింది. ఆమె అన్నది ఇదొక్కటే:

"కట్టు నాదే బిడ్డా. తప్పయింది."

పోశవ్వ ఒక్క క్షణం తడబడింది. తగవు పెట్టుకోవడానికి వచ్చిన మనిషికి తగవు దొరకలేదు. "తప్పయిందంటె మా రెక్కలు మల్లొస్తయా?" అని ఉమ్మేసి, తన వాళ్లను తీసుకుని వెళ్లిపోయింది. బాపమ్మ కత్తి అడిగింది. అద్దాల్లోంచి సరిగా కనిపించకుండానే ఆ కట్టును కోసింది. అప్పుడు పిలిచింది నన్ను.

"ఎవలిచ్చిండ్రు లతా?"

"పటేల్ వచ్చి ఎత్తుకపోయిండు."

"నువ్వు చెప్పలేదా, గవి గంపలు కావని?"

"చెప్పిన బాపమ్మా. ఇనలె."

ఆమె తల ఊపింది. "ఇనడు వాడు" అంది. నమ్మిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. నమ్మలేదని అనుకోవడమే నాకు న్యాయం.

తర్వాత ఆమె ఎవరికీ మూడు మెలికల కట్టు వెయ్యలేదు. కళ్లు బాగయ్యాక కూడా. చాటలు, జల్లెడలు అల్లింది. పెళ్లిళ్లకు కావాలంటే బుట్టలు అల్లింది. మరుసటి ఏడు తవ్వకాలప్పుడు ముఠాలు మా వీధి గుండానే నడిచిపోయాయి. పోశవ్వ కూడా. బాపమ్మ పందిరి కింద తల దించుకుని పని చేసుకుంటూనే ఉంది. వాళ్ల అడుగుల చప్పుడు దూరమయ్యాక చేతులు ఒక క్షణం ఆగాయి. ముత్యంరెడ్డి ప్లాస్టిక్ టబ్బులు కొన్నాడు. ఆయన్ను చూసి అందరూ కొన్నారు. టబ్బు ఎంత లోతో, ఏ ఏడు ఎంత పెరిగిందో ఎవరికీ తెలియదు. కంపెనీ ఎంత చేస్తే అంత. చెయ్యి పెట్టి చూసి, ఇది సరైనది, ఇది కాదు అని చెప్పే మనిషి లేదు. ఇప్పుడు నేను గ్రంథాలయానికి పోతూ మార్కెట్ దిక్కు చూస్తే నీలిరంగు టబ్బులే కనిపిస్తాయి. ఆడవాళ్లు ఏ మాటా లేకుండా నింపుతుంటారు.

ఇషిత ఆ ఏడు వేసవిలో ఫోటో పంపింది. తెల్లటి గోడల గదిలో వేలాడుతున్న దీపాలు, పక్కన పతకంతో ఆమె. నా ఇంగ్లీషు లేకపోతే ఇది జరిగేది కాదని రాసింది. అభినందనలు అని జవాబు పెట్టాను. ఆమె మీద కోపం తెచ్చుకోవాలని చాలాసార్లు ప్రయత్నించాను. అచ్చు తెచ్చింది ఆమె, తొందర చేసింది ఆమె. కానీ కట్టు గురించి ఆమె అడిగింది, అడగడం తప్పు కాదు. కాదని బాపమ్మ చెప్పిన జవాబును నేనే నా నోట్లో దాచుకున్నాను. వాళ్లు వచ్చి వెళ్లాక చేతిపనికి కొత్త బతుకొచ్చిందని ఆ టాబ్లెట్ తెర మీద ఉంది. ఆ వాక్యాన్ని సరిచెయ్యగలిగిన మనిషి నేను ఒక్కదాన్నే. అది నా బల్ల మీద ఉన్నప్పుడు కూడా నేను రిజిస్టరునే ముందుకు తోశాను.

బాపమ్మ రెండేళ్ల కింద పోయింది. మూడో రోజున, జనం పలచబడ్డాక, వాకిట్లోకి పోశవ్వ వచ్చింది. జుట్టు సగం నెరిసిపోయింది. గొంతు కూడా తగ్గింది. లోపలికి రమ్మన్నా రాలేదు, పందిరి కింద బాపమ్మ కూర్చునే చోటుకు కొంచెం ఎడంగా కూర్చుంది.

"గా దినమే ఎర్కయింది బిడ్డా నాకు" అంది. "గంపల చెయ్యి వెట్టి, తప్పయింది అన్నది సూడు. తప్పు జేసినోల్లు గట్ల అనరు. ఎవలి తప్పో మీదేస్కుంటుంది ముసల్ది అనుకున్న."

"మరి..." అన్నాను.

"మరి నేనేం జెయ్యాలె? పద్నాలుగు మంది నా ఎన్క ఉన్నరు. పటేల్‌ను అంటె మరునాడు పని ఉంటదా? ఎవల్నో ఒకల్ని తిట్టాలె కదా. తిడితె పడేటిది ఆమెనే దొరికింది." చీర కొంగుతో ముఖం తుడుచుకుంది. "మల్ల వచ్చి మాట్లాడుదమనుకుంటనే ఉన్న. ఏ మొఖం వెట్టుకోని వస్త? పానం ఉన్నప్పుడు రాలె."

ఆమె నా వైపు చూస్తూ ఉంది, నేను ఏదో అంటానని. తప్పు ఎవరిదో అడగలేదు, కానీ చెప్పడానికి అట్లాంటి సందర్భం నాకు మళ్లీ దొరకదు. అమ్మ లోపల గిన్నెలు కడుగుతోంది. పందిరి కింద మేమిద్దరమే. నేను చెప్పి ఉంటే, ఆమె మోస్తున్నదాంట్లో సగం నా మీదికి వచ్చేది.

"చాయ తాగుతవా అత్తా?" అన్నాను.

తాగింది. గ్లాసు కడిగి బోర్లించి, భీమ్‌గల్ బస్సుకు వెళ్లిపోయింది. ఆమె ఇప్పటికీ ప్రతి ఏడు వస్తుంది, టబ్బులు నింపడానికి. మార్కెట్ దగ్గర కనిపిస్తే నేనే ముందు తల తిప్పుకుంటాను. ఇదంతా ఇట్లా వరసగా రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. రాయడం అయితే అయింది. పోశవ్వకు చదువు రాదు. ఆ సంగతి తెలిసే రాశాను.